పుస్తకం ఇచ్చి ఊరుకోకండి, పక్కన నడవండి

(క్యాన్సర్ చికిత్స పూర్తయినవారి కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాలులో కూర్చున్నవారిలో ఎక్కువమంది రోగులు కారు, రోగి వెంట వచ్చినవారు. భార్యకి కీమో ఎక్కుతుంటే బయట బెంచీ మీద కునికిపాట్లు పడినవారు, తండ్రి రిపోర్టుల కవరు చంకన పెట్టుకొని కౌంటర్ల చుట్టూ తిరిగినవారు, అమ్మకి ఏదీ సహించడం లేదని గంజి కాచి క్యారియర్‌లో తెచ్చినవారు. అందుకే ఈ రోజు మాట్లాడేది మీతోనే. చికిత్స అయిపోయింది. డాక్టరుగారు "ఇక మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోండి" అన్నారు. ఇంటికి వెళ్ళారు. ఆ మూడు నెలల్లో ఇంట్లో ఏం జరగాలి?

మామూలుగా జరిగేది మనకు తెలుసు. మంచం కిటికీ పక్కకు జరుపుతాం. "నువ్వు కదలకమ్మా, మేమున్నాం కదా" అంటాం. మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికి అందిస్తాం. చుట్టాలు చూడడానికి వచ్చి తలా ఒక పథ్యం చెప్పి వెళ్తారు. ఒకరు వంకాయ వద్దంటారు, ఒకరు గుడ్డు వద్దంటారు, ఒకరు కందిపప్పు వాతమంటారు. ఇదంతా ప్రేమతోనే జరుగుతుంది, కాదనను. అయితే మంచం మీద పడుకోబెట్టే ప్రేమ కంటే పక్కన నడిచే ప్రేమ ఎక్కువ మేలు చేస్తుందని ఇప్పుడు గట్టి ఆధారం దొరికింది. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఒక మాట. పేపర్లలో "క్యాన్సర్‌ను జయించినవారు" అని రాస్తుంటారు. మంచి మాటే. కాని నేను "చికిత్స ముగించుకొన్నవారు" అనే అంటాను. ఎందుకంటే జబ్బు తిరగబెట్టినవారు ఓడిపోయినవారు కాదు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

కెనడాలో కింగ్‌స్టన్ అనే ఊరిలో క్వీన్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ కేంద్రంగా పనిచేసే కెనడియన్ క్యాన్సర్ ట్రయల్స్ గ్రూప్ 2009లో ఒక పరిశోధన మొదలుపెట్టింది. దాని పేరు ఛాలెంజ్. డాక్టర్ క్రిస్టఫర్ బూత్, వ్యాయామ శాస్త్రవేత్త కెర్రీ కోర్నేయా దీనికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యులు. పెద్దప్రేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకొని, ఆ తరువాత కీమో కూడా పూర్తి చేసుకొన్న 889 మందిని 55 ఆసుపత్రుల్లో ఇందులో చేర్చుకొన్నారు. వీరిలో ఎక్కువమంది కెనడా, ఆస్ట్రేలియా దేశాలవారు. ఫలితాలు 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అంటే దాదాపు 16 ఏళ్ళ ఓపిక.

ఆ 889 మందినీ లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపు 445 మంది, రెండో గుంపు 444 మంది. రెండో గుంపువారికి ఆరోగ్య పుస్తకాలు ఇచ్చారు. వ్యాయామం చేయండి, మంచి ఆహారం తినండి అని చెప్పే పుస్తకాలు. మొదటి గుంపువారికి ఆ పుస్తకాలతో పాటు ఒక మనిషిని ఇచ్చారు. ఆ మనిషి పని, మూడేళ్ళ పాటు వీరి నడకను కనిపెట్టి ఉండడం. మొదటి ఆరు నెలలు రెండు వారాలకొకసారి ఎదురుగా కూర్చొని మాట్లాడేవారు, దగ్గరుండి వ్యాయామం చేయించేవారు. తరువాతి ఆరు నెలలు కూడా రెండు వారాలకొకసారి కలిసేవారు, లేదా ఫోనులో మాట్లాడేవారు. ఆ తరువాత రెండేళ్ళు నెలకొకసారి.

వ్యాయామం అంటే బరువులెత్తే జిమ్ములు ఊహించుకోకండి. ఎవరికి ఇష్టమైనది వారు ఎంచుకోవచ్చు. ఎక్కువమందికి అర్థమయ్యేలా చెప్పాలంటే, అప్పటిదాకా చేస్తున్నదానికి అదనంగా వారానికి మూడు నాలుగు రోజులు, 45 నిమిషాల నుంచి గంట దాకా కాస్త వేగంగా నడవడం. లక్ష్యం అంతే.

ఫలితం వినండి. 5 ఏళ్ళ నాటికి జబ్బు తిరగబెట్టకుండా, కొత్త క్యాన్సర్ రాకుండా ఉన్నవారు పుస్తకం గుంపులో 100కి సుమారు 74 మంది. మనిషి తోడున్న గుంపులో 100కి సుమారు 80 మంది. 8 ఏళ్ళ నాటికి బతికి ఉన్నవారు పుస్తకం గుంపులో 100కి సుమారు 83, తోడున్న గుంపులో సుమారు 90. అంటే ప్రతి వందమందిలో ఏడుగురు అదనంగా తమ ఇంట్లో, తమవారి మధ్య ఉన్నారు. ఇంత తేడా ఒక కొత్త మందు వల్ల వచ్చి ఉంటే, ఆ మందు వేల రూపాయలకు అమ్ముడుపోయేది. మనం పొలం అమ్మైనా కొనేవాళ్ళం.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కూడా చిన్న పుస్తకమే. దీన్ని అచ్చువేసి పంచి మా పని అయిపోయిందనుకొంటే, మిమ్మల్ని మేము ఆ రెండో గుంపులో వేసినట్టే. పుస్తకం చెడ్డదని కాదు. పుస్తకం అందుకొన్నవారు కూడా కొంత నడక పెంచారు. కాని "నిన్న ఎందుకు నడవలేదు?" అని పుస్తకం అడగదు. "మోకాలు నొప్పి అన్నావు, ఇప్పుడెలా ఉంది?" అని అడగదు.

ఇలాంటి పరిశోధన నడిపించడంలో కష్టమైన భాగం కూడా అదే. అందరూ డాక్టర్ల పేర్లు చెబుతారు గాని, ప్రతి ఆసుపత్రిలో ఒక సమన్వయకర్త ఉంటారు. ఎవరు చేరడానికి అర్హులో చూసేది వారే. చేరేవారికి అంతా వివరించి సమ్మతి తీసుకోవడం, మొదటి రోజున వారు 6 నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిచి రాయడం, గడువు ప్రకారం పిలవడం, రాని వారికి ఫోన్ చేయడం, ఇవన్నీ ఉంటాయి. రాని వారికి ఫోన్ చేయడమే అన్నిటికంటే పెద్ద పని. మందుల పరిశోధనలో అయితే మాత్ర మింగితే చాలు, పోలిక కోసం ఇంకొకరికి ఉత్తుత్తి మాత్ర కూడా ఇవ్వవచ్చు. ఉత్తుత్తి నడక ఎక్కడ దొరుకుతుంది? చెమట పట్టాల్సింది ఆ మనిషికే, రోజూ. వర్షం వస్తుంది, మనవరాలి పెళ్ళి వస్తుంది, జ్వరం వస్తుంది. మూడు రోజులు ఆగిన నడక నాలుగో రోజు మళ్ళీ మొదలుకావాలంటే వెనక ఎవరో ఒకరు ఉండాలి.

యుద్ధం జరుగుతుండగా మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు ఇరుప్రక్కల నిలబడి ఎత్తిపట్టుకొన్న సంగతి మీకు తెలిసిందే. మోషేకు చేతులు ఎత్తడం తెలియక కాదు, ఒక్కడివల్ల సాయంత్రం దాకా కాలేదు.

మన ఇళ్ళకు కెనడా నుంచి ఎవరూ రారు. కాబట్టి ఇంట్లో ఒకరు ఆ పని తీసుకోవాలి. ఒక్కరే, అందరూ కాదు. నలుగురూ నాలుగు వైపుల నుంచి "నడువు, నడువు" అంటే ఆ మనిషికి విసుగొస్తుంది. ఎవరి మాట ఆమె వింటుందో, ఎవరితో ఆయన నవ్వుతారో వారే ఈ పనికి తగినవారు. కొన్ని ఇళ్ళలో అది కొడుకు కాదు, పదో తరగతి చదివే మనవడు.

ఆ ఒక్కరు గోడ మీద క్యాలెండరు తీసుకొని, నడిచిన రోజున నిమిషాలు రాయాలి. నడవని రోజున కారణం రాయాలి, తప్పు పట్టడానికి కాదు. నెల తిరిగాక ఆ కారణాలు చూస్తే, "చెప్పులు కరిచాయి" అని మూడుసార్లు ఉంటుంది. అప్పుడు చేయాల్సింది ఉపదేశం కాదు, మెత్తని చెప్పులు కొనడం. మంగళవారాలన్నీ ఖాళీగా ఉంటే, ఆ రోజు నీళ్ళ ట్యాంకరు వస్తుందని తెలుస్తుంది. అప్పుడు నడక సాయంత్రానికి మార్చండి.

మొదటి వారం పది నిమిషాలు చాలు. కీమో అయిన కొత్తలో వీధి చివరిదాకా వెళ్ళి రావడమే కొండ ఎక్కినట్టుంటుంది. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకొంటూ పోతే మూడు నెలలకు ముప్పావు గంట దాటుతుంది. వేగం ఎంత ఉండాలని అడుగుతారు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని కీర్తన పాడలేనంత ఆయాసం ఉండాలి. పల్లవి, చరణాలు హాయిగా పాడుకొంటూ నడుస్తున్నారంటే ఇంకొంచెం వేగం పెంచవచ్చు. మాట కూడా రాకపోతే తగ్గించాలి. మన ఎండలకు తెల్లవారుజామునో, పొద్దు వాలాకో నడవాలి. స్కూలు గ్రౌండు, పొలం గట్టు, అపార్టుమెంటు వరండా, డాబా, ఏదైనా సరే. కడుపు మీద సంచీ ఉన్నవారు నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతారు. వారితో ముందు డాబా మీదే మొదలుపెట్టించండి. బయలుదేరే ముందు సంచీ ఖాళీ చేసుకొంటే ధైర్యంగా ఉంటుంది. షుగరుకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు జేబులో గ్లూకోజు పొడి, లేకపోతే కాస్త పంచదార పెట్టుకోవాలి.

"మేము హైదరాబాదులో ఉన్నాం, అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంది" అనేవారికి కూడా ఒక మాట. అమెరికాలో డాక్టర్ వెండీ డీమార్క్-వానెఫ్రీడ్ బృందం 65 ఏళ్ళు దాటిన, బరువు ఎక్కువగా ఉన్న 641 మందితో ఒక పరిశోధన చేసింది. రొమ్ము, ప్రోస్టేట్, పెద్దప్రేగు క్యాన్సర్లకు చికిత్స పొంది చాలా ఏళ్ళు గడిచినవారు వీరంతా. ఫోనులో మాట్లాడడం, పోస్టులో కాగితాలు పంపడం, వారి సాధనం ఇంతే. ఏడాది తరువాత చూస్తే, మెట్లెక్కడం, నడవడం, సామాను మోయడం వంటి పనుల్లో వయసుతో వచ్చే దిగజారుడు వీరిలో మిగతావారికంటే తక్కువగా ఉంది. ఇది 2009లో ప్రచురితమైంది. కాబట్టి దూరం అడ్డు కాదు. అమెరికాలో ఉన్న కొడుకు రోజూ ఫోన్ చేసి "తిన్నావా అమ్మా?" అని అడుగుతాడు. "నడిచావా?" అని కూడా అడగమనండి. మీరు డబ్బు పంపితే పుచ్చుకొంటారు గాని, ఈ ప్రశ్న కోసం ఎదురుచూస్తారు.

ఇక తిండి. దీని మీద మీకు ఆసక్తి ఎక్కువని తెలుసు, మా ఓపీలో అడిగే ప్రశ్నల్లో సగం దీని గురించే. నేను తక్కువే చెబుతాను. రసాల గురించి మాత్రం చెప్పాలి. పొద్దున్నే క్యారెట్, బీట్‌రూట్ రసం గ్లాసులకు గ్లాసులు తాగిస్తే జబ్బు తిరిగి రాదని చాలామంది నమ్ముతున్నారు. కాలిఫోర్నియాలో డాక్టర్ జాన్ పియర్స్ బృందం రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 3,088 మంది స్త్రీలతో దీన్ని పరీక్షించింది. సగం మందికి కూరగాయలు, కూరగాయల రసం, పండ్లు, పీచు బాగా పెంచి, కొవ్వు తగ్గించి, ఫోనులో సలహాలిస్తూ ఏళ్ళ తరబడి తినిపించారు. సుమారు 7 ఏళ్ళ తరువాత, 2007లో లెక్క చూస్తే, జబ్బు తిరగబెట్టడంలో గాని మరణాల్లో గాని రెండు గుంపులకూ తేడా లేదు. కూరగాయలు తినవద్దని కాదు, బాగా తినండి. రసం తాగనంటున్న మనిషి నోట్లో రసం పోసి, ఆమె ఇష్టంగా తినే గుడ్డు, పప్పు, చేప పథ్యం పేరుతో తీసేయకండి. ఆపరేషన్, కీమో కరిగించిన కండ తిరిగి రావాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, చికెన్, వేరుశనగలు, ఏది సహిస్తే అది. మాత్రల రూపంలో వచ్చే విటమిన్లు డాక్టరు రాస్తేనే వాడండి.

పొగాకు, సారా గురించి వేరే చెప్పనక్కరలేదు, మానాల్సిందే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో అడ్డపొగ తాగే పెద్దమ్మలకు అంగిలి క్యాన్సర్లు రావడం మన దగ్గర ఎన్నో ఏళ్ళ క్రితమే పరిశోధకులు రాసిపెట్టారు. ఒక్క సంగతి అడుగుతాను. ఇంట్లో ఆమెను చుట్ట మానమని చెబుతూ, మీరు గుమ్మం బయట సిగరెట్టు వెలిగిస్తున్నారా?

రొమ్ము ఆపరేషన్ అయినవారి చేయి వాపు గురించి కూడా ఇళ్ళలో పెద్ద భయం ఉంది. "ఆ చేత్తో ఏమీ ఎత్తకు" అని జీవితాంతం కట్టిపెడతారు. 2009లో ఫిలడెల్ఫియాలో కాథరిన్ ష్మిట్జ్ బృందం చేయి వాపు ఉన్న 141 మంది స్త్రీలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో శిక్షకుల దగ్గర కొద్ది కొద్దిగా బరువులెత్తించింది. వాపు పెరగడంలో రెండు గుంపులకూ తేడా లేదు, పైగా బరువులెత్తినవారిలో బాధ తగ్గింది, బలం పెరిగింది. నేర్పేవారి దగ్గర నేర్చుకొని, మెల్లగా పెంచుకొంటే ఆ చేయి మళ్ళీ పనికి వస్తుంది.

అయితే జాగ్రత్తలు కూడా వినండి. ఛాలెంజ్ పరిశోధనలో చేరినవారు చికిత్స ముగించుకొని, నడవగలిగే స్థితిలో ఉన్నవారు. వారిది పెద్దప్రేగు క్యాన్సర్. అన్ని క్యాన్సర్లలోనూ ఇంతే మేలు జరుగుతుందని దాని వల్ల రుజువు కాలేదు. నీరసం తగ్గడం, నిద్ర పట్టడం, నలుగురిలో తిరిగే ధైర్యం రావడం వంటివి మాత్రం చాలా క్యాన్సర్లలో చూస్తున్నాం. కీమో మానేసి నడిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, వారంతా కీమో అయ్యాకే నడిచారు. ఎముకలకు జబ్బు పాకినవారు, గుండె జబ్బున్నవారు, రక్తకణాలు తగ్గినవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. జ్వరం ఉన్న రోజు నడక వద్దు. నడిచేటప్పుడు గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి చేయడం, కొత్తగా వచ్చిన ఎముక నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆపి మా దగ్గరకు తీసుకురండి. ఆ పరిశోధనలో కూడా వ్యాయామం చేసిన గుంపులో కీళ్ళ, కండరాల నొప్పులు 100కి 18 మందికి పైగా వచ్చాయి, రెండో గుంపులో 11 మందికి పైగా. నొప్పి వస్తే మానేయడం కాదు, పద్ధతి మార్చాలి.

ఇందాక మళ్ళీ వస్తానన్న సంగతి ఇది. శ్రద్ధగా నడిచిన గుంపులో కూడా 445 మందిలో 93 మందికి జబ్బు తిరగబెట్టడమో, కొత్త క్యాన్సర్ రావడమో, చనిపోవడమో జరిగింది. పుస్తకం గుంపులో 131 మందికి జరిగింది. తగ్గింది గాని పోలేదు. కాబట్టి రేపు స్కానింగులో ఏదైనా కనిపిస్తే, "నడవమంటే నడిచావా?" అని దయచేసి ఎవరూ అనకండి. విశ్వాసం చాలలేదనీ, ప్రార్థన చాలలేదనీ, పథ్యం తప్పిందనీ ఆ మంచం దగ్గర ఎవరూ అనకూడదు. పరామర్శకు వచ్చినవారు అంటే, వారిని మర్యాదగా బయటికి తీసుకువెళ్ళి టీ ఇచ్చి పంపండి. ఇది కూడా ఇంటి సమన్వయకర్త పనిలో భాగమే.

ఎక్కడైనా ఇలాంటి పరిశోధనలో చేరమని అడిగితే కంగారుపడకండి. పరిశోధన అనగానే ఎలుకల మీద ప్రయోగాలు గుర్తొస్తాయి మనకు. నైతిక విలువల కమిటీ అనుమతి ఉందా అని అడగండి. సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమనండి, ఇంటికి తీసుకువెళ్ళి చదువుకొంటామనండి. మధ్యలో మానుకొన్నా మామూలు వైద్యం ఆగదని చెప్పించుకోండి. మన దేశంలో జరిగే పరిశోధనలను భారత వైద్య పరిశోధన మండలి రిజిస్ట్రీలో నమోదు చేస్తారు, అది 2007లో మొదలైంది. ఆ నమోదు సంఖ్య అడిగితే చెప్పాలి. చేరాలా వద్దా అన్న నిర్ణయం రోగిది, వేలిముద్ర మీరు వేయించేది కాదు.

మళ్ళీ చెకప్‌కు వచ్చేటప్పుడు పాత రిపోర్టులతో పాటు గోడ మీది క్యాలెండరు కూడా విప్పి తీసుకురండి. నిమిషాలు తక్కువైనా సరే, ఖాళీ గళ్ళున్నా సరే. ఫిజియోథెరపీ గదిలో 6 నిమిషాల నడక కొలిచి, దాని మీదే రాసి ఇస్తారు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. చీటీ రాసి పంపినా పరవాలేదు. మీ మనిషి మీ పక్కనే కూర్చొని ఉంటే మాత్రం, ముందు వారినే అడగనివ్వండి.